నలభై నోళ్లలో ఒకే అవ్వ

పొద్దున ఏడు గంటలకు, హోసూరు రోడ్ల మీద ఫ్యాక్టరీ బస్సులు తిరుగుతుండగా, నేను చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని చైనా పిల్లల ఇంగ్లీషు వినడం మొదలుపెట్టేదాన్ని. బాగలూరు రోడ్డులో టైల్స్ అంగడి మీద రెండు గదుల ఆఫీసు మాది. ఆరుగురం పనిచేసేవాళ్లం. చైనాలో హైస్కూలు ఆఖరు సంవత్సరం పిల్లలు విశ్వవిద్యాలయంలో చేరడానికి ముందు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి రాస్తారు. రాస్తారు అన్నాను గానీ రాసేదేమీ ఉండదు. కంప్యూటరు ముందు కూర్చుని మైకులో మాట్లాడడమే. ఆ మాటలు రికార్డయి మా దగ్గరికి వస్తాయి. మేం విని ఐదుకు ఇన్ని అని మార్కులు వేస్తాం. మూడు వస్తే ఇంగ్లీషులో చెప్పే కోర్సులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు వస్తే ఆ దారి మూసుకున్నట్టే.

ఈ ఉద్యోగం గురించి చెప్తే మా ఊళ్లో నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వులో తప్పులేదు. మాది వేప్పనపల్లి పక్కన మామిడితోటల మధ్య చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, కూలికి ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు కూడా కృష్ణగిరి కాలేజీలో గైడు పుస్తకాలు ముందేసుకుని బట్టీ పట్టిందే. ఆవు మీద వ్యాసం వస్తుందని చదువుకుని పోతే రైలు ప్రయాణం వచ్చింది. రైల్లోంచి చూస్తే ఆవు కనబడింది అని మొదలుపెట్టి మొత్తం ఆవునే రాసి వచ్చినదాన్ని. అలాంటి నేను ఇంకొకరి బట్టీని పట్టుకోవాలి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు.

పని పద్ధతి ఇది. ముందు మిషన్ వింటుంది, మార్కు వేస్తుంది. తరవాత మేం వింటాం. ఇద్దరి మార్కుల మధ్య రెండో అంతకు మించో తేడా వస్తే మా సార్ దగ్గరికి పోతుంది, ఆయన తేలుస్తాడు. అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. ఏ గొంతును ఆ గొంతుగానే వినాలి. ఒకటి విన్నాక దాన్ని మరిచిపోయి రెండోదానికి పోవాలి. ఒకరితో ఒకరిని పోల్చకూడదు. పేర్లుండవు, ముఖాలుండవు, పొడుగాటి నంబరు ఒకటుంటుంది, అంతే. నియమం మంచిదే. కానీ చెవి మాట వినదు. కన్నయితే మూసుకుంటాం, చెవికి రెప్ప లేదు కదా.

ఇంకో సంగతి. పిల్లలంతా ఒకే గదిలో, ఒకే సమయంలో మాట్లాడతారు. అందుకని ప్రతి రికార్డింగులో ఒక గొంతు దగ్గరగా ఉంటుంది, వెనక మిగతా గది మొత్తం హోరుగా ఉంటుంది. మొదట్లో ఆ హోరు వింటే నాకు ఒళ్లు జలదరించేది. ఒక మనిషి మాట్లాడుతుంటే ఆమె వెనక నలభై మంది నిలబడి గొణుగుతున్నట్టుండేది. రెండు నెలలకు అలవాటు పడిపోయాను.

మే నెలలో ఒక బడి రికార్డింగులు వచ్చాయి. నలభై ఒక్క మంది. మొదటి భాగంలో చిన్న చిన్న ప్రశ్నలు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తింటారు, అట్లాంటివి. రెండో భాగంలో ఒక్కటే ప్రశ్న: మీకోసం ఎదురుచూసిన మనిషి ఒకరి గురించి తొంభై సెకన్లు చెప్పండి. మొదటి పిల్లవాడు వాళ్ల అవ్వ గురించి చెప్పాడు. రోజూ సాయంత్రం బడి గేటు దగ్గర నీలం గొడుగు పట్టుకుని నిలబడేదట. వాన ఉన్నా లేకున్నా గొడుగు విప్పే ఉండేదట. ఈ వసంతంలో చనిపోయింది. 'ఇప్పుడు కూడా వాన పడిన రోజున నేను గేటు దగ్గర చూస్తాను. నేలంతా తడిసి ఉంటుంది. అవ్వ నిలబడే చోట మాత్రం ఒక అడుగు నేల పొడిగా ఉంటుంది.' అక్కడ ఆపాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఐదు వేశాను. పక్క సీటు అమ్మాయి చూసి, చైనావాళ్ల కోసం కూడా ఏడుస్తున్నావా అక్కా అని ఎగతాళి చేసింది.

రెండోది ఒక ఆడపిల్ల గొంతు. గేటు, నీలం గొడుగు, పొడిగా ఉన్న అడుగు నేల. మూడో గొంతు బొంగురుగా ఉంది. అదే గేటు, అదే గొడుగు. నాలుగోవాడు ఒక పదం దగ్గర తడబడి, వెనక్కి పోయి, వాక్యం మొదటి నుంచి అందుకున్నాడు, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా. 'నేలంతా తడిసి ఉంటుంది' దగ్గర అందరూ ఒకే చోట ఊపిరి తీసుకున్నారు. ఎవరో పంతులు ఈ కథను రాసి ఇచ్చి, ఊపిరి ఎక్కడ పీల్చాలో కూడా నేర్పించాడు. ముందు నవ్వొచ్చింది, తరవాత కోపం వచ్చింది. నా కన్నీళ్లు మోసపోయాయని కోపం. పదిహేనో గొంతు దాటాక కోపం పోయి భయం మొదలైంది. కథ తెలిసిపోయింది, కల్పితమనీ తెలిసిపోయింది, అయినా పొడిగా ఉన్న ఆ నేల దగ్గరికి గొంతు వచ్చినప్పుడల్లా నా అరికాళ్లు చల్లబడేవి. అంతమంది పిలుస్తుంటే ఆ ముసలామె నిజంగానే ఎక్కడో లేచి నిలబడి ఉంటుందని అనిపించేది.

సార్‌కు చెప్పాను. ఆయనది బేరికై పక్క ఊరు, నాతో తెలుగే మాట్లాడతాడు.

"అందరూ ఒకే అవ్వను చెప్తా ఉండారు సార్. బట్టీ కొట్టించినారు."

"మిషన్ ఏమేసింది?"

"నాలుగు."

"ఇంటర్నెట్‌లో యాడన్నా ఉండే కతైతే మిషనే పట్టుకుంటాది. పట్టుకోలేదంటే లేదనే. దేన్ని దానికే వినల్లమ్మా. ఒకదాన్ని ఇంగోదాంతో జత చేసేది మన పని కాదు."

మొదటివాడి ఐదును కూడా నాలుగు చేసి, అందరికీ నాలుగు వేస్తూ పోయాను. ఆ రోజు రెండు గంటలకు పని ముగించుకుని నడిచి ఇంటికి పోతుంటే వాన పడి వెలిసింది. దారిలో ఒక బడి ఉంది. వద్దు వద్దనుకుంటూనే గేటు వైపు చూశాను. నల్లగా తడిసిన నేల మీద ఒక చోట, మనిషి నిలబడేంత మేర, తెల్లగా పొడిగా ఉంది. ఎవరో స్కూటరు నిలిపి అప్పుడే తీసుకుపోయారని బుద్ధికి తెలుసు. టైరు గుర్తు కూడా కనబడుతోంది. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాను. ముప్పై ఐదేళ్ల మనిషిని, ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవాళ్లో.

మర్నాడు మిగిలినవి విన్నాను. చివరికి నలభై అయ్యాయి, ఒక్కటి మిగిలింది. మిషన్ దానికి సున్నా వేసి పెట్టింది. తెరిచాను. గొంతు లేదు. ఇలాంటివి అప్పుడప్పుడు వస్తాయి. పిల్లలు బిగుసుకుపోతారు, లేదా మైకు పనిచేయదు. మైకు సంగతి చూద్దామని సౌండు పెంచాను.

హోరు పెద్దదైంది. ఆ హోరులో మాటలు వినబడ్డాయి. ఎడమ నుంచి ఒక గొంతు, గేటు దగ్గర మా అవ్వ. కుడి నుంచి ఒకటి, నీలం గొడుగు. వెనక నుంచి, ముందు నుంచి, ఒకరు రెండు మాటలు ముందు, ఒకరు నాలుగు మాటలు వెనక. నేను రెండు రోజులు ఒకటొకటిగా విన్న నలభై గొంతులూ ఆ ఒక్క రికార్డింగులో ఒకేసారి ఆ ముసలామెను చుట్టుముట్టి చెప్తున్నాయి. వాటి నడుమ, మైకుకు బాగా దగ్గరగా, ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఊపిరి మాత్రమే. ఎనభై సెకన్లు అలాగే గడిచాయి. ఇక అయిపోతుందనగా చిన్న గొంతు, ఆడపిల్ల, ఒక్క మాట అంది.

'ఆమె మా అవ్వ.'

బీప్ మోగి ఆగిపోయింది.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాను. కాసేపు ముట్టుకోబుద్ధి కాలేదు. తరవాత ఆ పిల్ల మొదటి భాగం తెరిచాను. ఇంట్లో ఎవరెవరున్నారు అన్న ప్రశ్నకు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా జవాబిచ్చింది: నేను, నాన్న. వసంతం దాకా అవ్వ కూడా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. ఈ పిల్ల ఎప్పుడో బడిలో వాళ్ల అవ్వ గురించి రాసుకుని ఉంటుంది. పంతులుకు నచ్చింది. దిద్ది, నగిషీలు చెక్కి, గది మొత్తానికి పంచిపెట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం. తన అవ్వ నలభై మంది నోళ్లలో నానుతుంటే ఈ పిల్ల నోరు పెగలక కూర్చుండిపోయింది. వాళ్లకు నాలుగు, ఈమెకు సున్నా. వాళ్ల నాలుగులు నా వేళ్లతో వేసినవే.

మార్కు వేయకుండా హోల్డ్‌లో పెట్టాను. మూడు రోజులు పెట్టుకోవచ్చు. సార్ పిలిచాడు.

"ఏల పెట్టినావమ్మా హోల్డ్‌లో?"

అంతా చెప్పాను. ఆయన కూడా విన్నాడు, రెండుసార్లు. హెడ్‌ఫోన్ తీసి కొంచెంసేపు కిటికీలోంచి లారీలను చూశాడు.

"సరే, ఒక పని చెయ్. నువ్వు మూడు వెయ్. మిషన్ సున్నా గదా, తేడా వచ్చి నా దగ్గరకే వస్తాది. నేను గమ్మున మూడు కొట్టేస్తా. కారణం గీరణం ఏమీ రాయొద్దు. ఆ పిల్ల పాస్, మన పని పాస్. సరేనా?"

సరేనన్నాను. కానీ వెయ్యలేదు. మూడు వేస్తే పిల్ల గట్టెక్కుతుంది, నిజమే. ఆ నలభై మంది నాలుగులు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఆ అవ్వ ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఈ మాట నా చెవిలో జోరీగలాగా తిరిగింది.

ఆ మరుసటి రోజు ఆదివారం. ఊళ్లో మా ఇంటి పక్క ముసలాయన పోయాడని ఫోన్ వస్తే బయల్దేరాను. హోసూరు నుంచి కృష్ణగిరి, అక్కడి నుంచి వేప్పనపల్లి బస్సు. చేరేసరికి పదకొండు. శవాన్ని పందిరి కింద పెట్టారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు, ఒక్కరూ ఏడవడం లేదు. మా మేనత్త మధ్యలో కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఏ ఊళ్లో చావైనా ఏడుపు పాట ఎత్తుకునేది ఆమే. మేకల వెంట తిరిగిన గొంతు, మూడు పొలాల అవతలికి వినబడుతుంది.

ముసలాయనకు ఒక్కతే కూతురు, కోలారు పక్క ఇచ్చారు, ఇంకా దారిలో ఉంది. ఎండ ఎక్కుతోంది. ఊళ్లో ఎవరింటికో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఒకామె ఉండబట్టలేక 'మా సామీ' అని ఎత్తుకుంది. అత్త చెయ్యెత్తింది. ఆ పిల్ల నోరు టక్కున మూతబడింది. మళ్లీ ఏ సద్దూ లేదు. పందిరి మీద కొబ్బరాకులు గాలికి గీసుకోవడం వినబడుతోంది. గంట తరవాత కూతురు ఆటో దిగి, జుట్టు విరబోసుకుని వచ్చి, మీద పడి ఒక్క కేక పెట్టింది. అప్పుడు అత్త అందుకుంది. అత్త వెనక అందరూ.

సాయంత్రం స్నానాలయ్యాక అత్త పక్కన కూర్చుని నా చైనా పిల్ల సంగతి చెప్పాను. అత్తకు చైనా యాడుందో తెలియదు. మిగతాదంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"ఆ పిల్ల నోరు తెరవకముందే బయటోళ్లు ఎత్తుకున్నారా?"

"నలభై మంది, అత్తా."

"పాపిష్టోళ్లు. ఇంటి మనిషి మొదటి కేక పెట్టకుండా బయటోళ్లు ఎత్తుకుంటే ఇంటి మనిషికి ఏడుపు రాదు పాపా, గొంతులోనే ఎండిపోతాది. అందుకే ఆ కోడలు పిల్లను నేను ఆపింది."

"ఇప్పుడేం చేయాల?"

"ఏం చేసేది. అంతా ఆపాల. ఇంటి మనిషిని ఏడవనియ్యాల. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోవాల. నువ్వు ఆడ మార్కులేసేదానివి గదా, చెప్పు. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోని కూర్చోవద్దు."

సోమవారం పొద్దున మూడు వేశాను. కింద కారణం రాసే పెట్టె ఉంటుంది, రెండు వరుసలు పడుతుంది. నేను తొమ్మిది వరుసలు రాశాను. నలభై మందీ చెప్పిన కథ ఈ పిల్లదని, బడిలో ఎవరో పంచిపెట్టారని, అది చుట్టూ వినబడుతుంటే ఈ పిల్ల మాట్లాడలేకపోయిందని, పరీక్ష ఆపి ఈమెకు మళ్లీ మాట్లాడే అవకాశం ఇవ్వాలని. అత్త మాటనే ఇంగ్లీషులో రాశానన్నమాట. రాసి పంపేటప్పుడు నాకు చాలా గర్వంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, నన్ను నేనే మెచ్చుకున్నాను.

కారణం రాసినవి నేరుగా పైఆఫీసుకు పోతాయి, సార్ చూసేసరికి అది పోయింది. ఆయన తిట్టలేదు. "ఏలమ్మా ఇట్ల చేసినావు" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. ఆ బడి రెండో భాగం మొత్తం రద్దు. నలభై ఒక్కరికీ వేరే రోజున, వేరే ప్రశ్నతో మళ్లీ పరీక్ష. ఇక నుంచి ఆ బడి మార్కులను ఇంకో ఆఫీసు కూడా సరిచూస్తుంది. అంటే మేం ఊరికే ఒక మార్కు ఎక్కువ వేసినా అక్కడ కొట్టేస్తారు, తేడా వచ్చినా సార్ చేతిలో ఏమీ ఉండదు. నేను కోరింది కోరినట్టే జరిగింది. ఆ రికార్డింగులు వచ్చిన రోజు సార్ వాటిని నాకే ఇచ్చాడు. "నువ్వు తెచ్చిన పని, నువ్వే విను" అన్నాడు.

ఈసారి ప్రశ్న, మీరు మరిచిపోలేని మనిషి. ఈసారి నలభై మందీ నలభై రకాలుగా మాట్లాడారు. ఒకడు మామయ్య, ఒకతె వాన రోజు బస్సు డ్రైవరు. కొందరు తడబడ్డారు, చాలామంది మూడు దాటారు. ఏ గొంతు మొదలైనా నేను ముందు ఊపిరి కోసం వినేదాన్ని. ముప్పై నాలుగోది తెరవగానే ఆ ఊపిరి గుర్తుపట్టాను. ఎనభై సెకన్లు నేను విన్నది అదొక్కటే కదా.

ఆ పిల్ల మాట్లాడింది. అవ్వ గురించే. గొడుగు, అంది. ఆగింది. పాతది. నీలం కాదు, నల్లది. ఆగింది. అవ్వ కాళ్లు నొప్పి. అయినా వస్తుంది. పదం పదానికి మధ్య అంత ఖాళీ ఉంది. వాక్యం ఒక్కటీ చివరిదాకా పోలేదు. ఈ ఇంగ్లీషుతో ఆ కథను ఈ పిల్ల రాసి ఉండదు, ఆ నగిషీ అంతా పంతులుదే. వాన పడితే గేటు దగ్గర, అని మొదలుపెట్టి మాట దొరక్క నిలిచిపోయింది.

అప్పుడు పక్క సీటు నుంచి ఒక గుసగుస వినబడింది. మగపిల్లవాడు, మైకుకు దూరంగా, చాలా మెల్లగా, మంచి ఇంగ్లీషులో అందించాడు: 'ఒక అడుగు నేల మాత్రం పొడిగా ఉంటుంది.' పాపం, సాయం చేద్దామనే చెప్పినట్టుంది. ఆ వాక్యాన్ని అందుకుని ఉంటే మూడు వచ్చేది.

'లేదు,' అంది ఆ పిల్ల. 'తడి. నేను చూశాను. రోజూ చూశాను. అంతా తడి.'

తరవాత బీప్ దాకా మాట లేదు.

మిషన్ రెండు వేసి ఉంది. నేను మూడుసార్లు విన్నాను. మార్కుల పట్టిక తీసి ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివాను. మూడు కావాలంటే పూర్తి వాక్యాలుండాలి, ఆగకుండా మాట్లాడాలి, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దారి ఉండాలి. ఏదీ లేదు. కారణం రాసే పెట్టె తెరిచి చాలాసేపు చూశాను. ఆ పిల్ల నిజం చెప్పింది అని రాయాలనిపించింది. నిజానికి మార్కు లేదు, ఆ పట్టికలో ఆ వరుసే లేదు. రెండు వేశాను. సార్ నా వెనక నిలబడి చూసి వెళ్లిపోయాడు. మొదటిసారే ఆయన చెప్పినట్టు మూడు వేసి నోరు మూసుకుని ఉంటే, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో ఇంగ్లీషులో చదువుకుంటూ ఉండేది.